కాలీ కాలని కప్పులు

ఎండిన పచ్చికుండను నీళ్ళ బకెట్లో వేస్తే కాసేపటికి కుండ ఉండదు. ముందు అంచు మెత్తబడుతుంది, తర్వాత గోడలు పెరుగులా విరిగి, బుడగలు వదులుతూ అడుక్కి జారిపోతాయి. మర్నాడు ఆ బురదనే పిసికి మళ్ళీ సారె మీద పెట్టుకోవచ్చు. కాలిన కుండతో ఆ పని కుదరదు. అది పగిలినా పెంకే గాని మన్ను కాదు. ఈ రెండింటి మధ్య మూడో రకం ఒకటి ఉంటుందని నాకు నేర్చుకునే రోజుల్లోనే తెలుసు. దాన్ని మంచం కింద పెట్టుకుని బతుకుతానని మాత్రం అనుకోలేదు.

హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, ఆదివారాలు మట్టిపాత్రలు చేసే ఒక స్టూడియోకు వెళ్ళేదాన్ని. స్నేహితురాలికి తోడుగా మొదలుపెట్టాను. చీర పాడవుతోందని ఆమె మానేసింది, నేను మానలేదు. చిన్నప్పటి నుంచీ నేను భయస్తురాలిని. గ్యాసు ఆపానా, తలుపు గడియ వేశానా, అమ్మ ఫోను ఎందుకు ఎత్తడం లేదు, ఇలా ఏదో ఒకటి లోపల గీకుతూనే ఉంటుంది. సారె దగ్గర మాత్రం ఆ గీకుడు ఆగేది. మట్టిముద్ద అరచేతుల కింద ఎగిరెగిరి పడుతుంది, మోచేతులు తొడలకు ఆనించి ఊపిరి బిగబట్టి పట్టుకుంటే ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. తిరుగుతూనే ఉంటుంది, కదలదు. అప్పుడు బొటనవేళ్ళు మధ్యలోకి దించితే దానంతట అదే నోరు తెరుస్తుంది. ఆ తడి చల్లదనం మోచేతుల దాకా పాకేది. వారమంతా దానికోసం చదివేదాన్ని అంటే అబద్ధం కాదు.

బావతో పెళ్ళయి గోదావరిఖని వచ్చాక ఆయన నాకోసం పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాత సామాను కొట్లో దొరికిన అగ్గిఇటుకలతో చిన్న బట్టీ కట్టాడు. బావ గనిలో పనిచేస్తాడు. అది మామ కాలం నుంచీ ఉంటున్న కంపెనీ క్వార్టర్. బొగ్గుపొయ్యిల రోజుల్లో మిగిలిన బొగ్గు కుప్ప ఒకటి పెరటి మూలన గడ్డి మొలిచి పడి ఉండేది. గ్యాసు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అదే నా బట్టీకి మేత అయింది.

అత్తమ్మకు మొదట్లో ఇది నచ్చలేదు.

"ఎమ్మెస్సీ చదివింది మన్ను పిసుకనీకా బిడ్డా?"

"నేను డిగ్రీ చదివి బొగ్గు తవ్వుతలేనా అమ్మా?" అన్నాడు బావ. "ఆమెది మన్ను, నాది బొగ్గు. ఇద్దరం భూమికి బాకీ ఉన్నోళ్ళమే."

మొదటిసారి బట్టీ కాల్చిన రోజు పక్క క్వార్టర్‌లో మేము ఖాలా అని పిలిచే పెద్దావిడ ఆరేసిన బట్టలన్నీ తిట్టుకుంటూ లోపలికి తీసుకుపోయింది, మళ్ళీ కుర్చీ తెచ్చుకుని మా గోడ పక్కనే కూర్చుంది. లోపలికి చూడడానికి బట్టీ గోడలో వదిలిన కన్నానికి అడ్డం పెట్టిన ఇటుక తీసి చూస్తే లోపల ముందు చీకటి ఎరుపు, తర్వాత మోదుగుపువ్వు రంగు, ఆ తర్వాత పసుపు. చివరికి కుండలకూ మంటకూ తేడా తెలియని తెలుపు. ఆ తెలుపులో గిన్నెల మీద పూసిన గ్లేజు, ఆ గాజుపూత, కరిగి తడిసినట్టు మెరుస్తుంది. నా చేతుల్లోంచి వెళ్ళినవి అక్కడ నాకు అందకుండా మరేదో అవుతుంటే చూడడం కన్నా గొప్ప సుఖం నాకు తెలియదు. భయం వెయ్యాల్సిన చోటే నాకు భయం వేసేది కాదు.

చల్లబడ్డాక తలుపు ఇటుకలు తీసినప్పుడు గ్లేజు సన్నగా చిట్లుతూ టింగు టింగుమని మోగింది.

"ఏం బేటీ, లోపల గజ్జెలు కట్టుకొని ఎవరన్న కూసున్నరా?" అంది ఖాలా.

బావ ఒక్కో గిన్నెనూ తీసి వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి వింటారట. "ఖంగుమంటే నిలబడాలె, బొదబొదమంటే ఉరకాలె" అని నాకు చెప్పాడు. ఆ రోజు గిన్నె ఖంగుమంది. "దీని కింద పండుకోవచ్చు" అని నవ్వాడు. బూడిద పడి కరిగిన ఆ గిన్నె లోపల, వానాకాలం మొదట్లో గోదారికి వచ్చే కొత్తనీటి రంగు ఉంది. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పాప కడుపులో ఉన్నప్పుడు చేసినన్ని కప్పులు నేను ఎప్పుడూ చెయ్యలేదు. పొట్ట సారెకు తగులుతున్నా వదల్లేదు. కప్పులు, పళ్ళేలు, మూతల గిన్నెలు, పాపకు పాలన్నం పెట్టడానికి రెండు చిన్న గిన్నెలు. అన్నీ ఎండి, గ్లేజు పూసుకుని, షెడ్డు బల్లల మీద నిప్పు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. కాన్పు అయ్యాక కాల్చుకుందాం అనుకున్నాను.

పాప ఇంకా బోర్లాపడకముందే నిమ్ము చేసింది. దవాఖానలో ఆ చిన్న ముక్కుకు మాస్కు పెట్టి, పక్కటెముకలు లోపలికి లాక్కుపోతూ ఊపిరి తీసుకోవడం చూశాక నేను ఇక ఏ రాత్రీ పూర్తిగా నిద్రపోలేదు. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరు, దుమ్ముకూ పొగకూ దూరంగా ఉంచమన్నారు.

"దుమ్ము లేని జాగనా?" అంది అత్తమ్మ. "ఈడ ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి నల్లగైతది. దుమ్ము లేని జాగ గావాలంటె చంద్రుని మీదికే పోవాలె."

"ఆడ గూడ దుమ్మేనట అమ్మా" అన్నాడు బావ.

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఊరి దుమ్మును నేను ఆపలేను, నా దుమ్మును ఆపగలను. షెడ్డుకు తాళం వేసి, బల్లల మీద పాతచీర కప్పాను. వానలు తగ్గాక, చలి పోయాక, పాపకు నడక వచ్చాక అంటూ వాయిదా వేస్తూ వచ్చాను. వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తుంది. అటు చూడకుండా గిన్నెలు తోమడం అలవాటు చేసుకున్నాను.

ఇంతలో బావ గని మూతపడే వరుసలోకి వచ్చింది, బావకు శ్రీరాంపూర్ వైపు బదిలీ అయింది. మాకు నస్పూర్ కాలనీలో పై అంతస్తు క్వార్టర్ వచ్చింది. అక్కడ పెరడు ఉండదు, బట్టీ ఉండదు. పచ్చికుండలు లారీలో పోవు, గోదారి వంతెన ఎక్కకముందే పిండి అవుతాయి. కాబట్టి ఖాళీ చేసేలోపు వాటిని నిప్పులో పెట్టాలి, లేదా నీళ్ళలో వెయ్యాలి.

"నీళ్ళల్లనే ఏస్త బావా. పాపను పక్కన పెట్టుకొని పొగ ఎట్ల పెడ్త?"

"పాపను కాసిపేటకు తోలుదాం. మీ అమ్మ సంబురపడతది. మా అమ్మ గూడ తోడు పోతది. బొగ్గు గూడ ఒక్కసారికి సరిపోయేంతనే ఉన్నది. మళ్ళ మొకం చూస్తమా ఈ బట్టీది?"

అలా పాప మొదటిసారి నన్ను వదిలి అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. ఆటో కదిలేటప్పుడు ఏడవలేదు. ఏడవనందుకు నేను ఏడ్చాను.

బట్టీ నింపిన రోజు మాత్రం నేను పాత మనిషిని అయ్యాను. బల్లల మీది పాతచీర తీస్తే కప్పుల మీద నా వేళ్ళ చారలు అలాగే ఉన్నాయి. ఒక్కటీ చీలలేదు. వాటిని ఒకదానికొకటి తగలకుండా లోపల పేర్చుతుంటే, చాలా రోజుల తర్వాత పెదవుల మీద ఏదో పాట తిరుగుతోందని గమనించాను. మర్నాడు బావ మొదటి షిఫ్టుకు వెళ్ళేముందు పొయ్యి రాజేశాడు. మధ్యాహ్నం దాకా నేను మెల్లగా మంట పెంచాలి, ఆయన వచ్చాక ఇద్దరం కలిసి పెద్ద మంట వెయ్యాలి. అదీ మా ఒప్పందం. ఖాలా కుర్చీ తెచ్చుకుంది.

కన్నంలో చీకటి ఎరుపు కనిపించేసరికి ఒళ్ళంతా చెమట, సంతోషం. ఆ సంతోషంలోనే పాపకు చూపిద్దామని అమ్మకు వీడియో కాల్ చేశాను. తెర మీద పాప ముఖం వచ్చింది. ఏదో నములుతోంది, నన్ను చూసి నవ్వింది, ఆ వెంటనే దగ్గు మొదలైంది. ఆగని దగ్గు. ముఖం ఎర్రబడింది, ఫోను పక్కకు ఒరిగింది, ఇంటి కప్పు కనిపించింది, కాల్ పోయింది.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అత్తమ్మకు చేశాను, ఎత్తలేదు. బావ భూమి లోపల ఉన్నాడు, అక్కడికి ఫోను పోదు.

"నేను పోత ఖాలా. బట్టీ ఆర్పేస్త."

ఖాలా లేచి పార చేతిలోకి తీసుకుంది. "ఆర్పుడెందుకు? నువ్వు పో. నేను బొగ్గు ఏస్త. ఇరవై ఏండ్లు బొగ్గుపొయ్యి మీదనే వండిన, ఇది నన్ను మింగుతదా?"

"మీకు తెల్వదు ఖాలా."

"తెల్వకుంటె చెప్పి పో."

నేను చెప్పలేదు. నిప్పును వదిలి వెళ్తే ఇంకేమవుతుందోనన్న రెండో భయం మొదటి భయం మీద ఎక్కి కూర్చుంది. గాలి పోయే దారికి ఇనుపరేకు అడ్డం పెట్టి, పొయ్యి నోరు మూసి, స్కూటీ తీశాను. వంతెన మీద బొగ్గు టిప్పర్ల వెనక, నస్పూర్‌లో మేము ఉండబోయే కాలనీ ముందు నుంచి, ఏడుస్తూనే పోయాను. ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తు లేదు.

కాసిపేటలో పాప అరుగు మీద కూర్చుని మక్కకంకి కొరుకుతోంది. నన్ను చూసి కంకి నా నోటికి అందించింది.

"ఏమైందే? గింత ఎండల వస్తివి?" అంది అమ్మ.

"దగ్గింది కదా! ఫోనెందుకు ఎత్తలే?"

"మక్కగింజ పొలమారింది. నీళ్ళు తాగిపిచ్చినం, పోయింది. ఫోను ఛార్జింగు అయిపోతె లోపల పెట్టిన. మీ అత్తమ్మ మాగన్నుగ పండుకున్నది." అమ్మ పాప నెత్తి మీద అరచేత్తో తట్టి చూపించింది. "ఎవరో బిడ్డను గట్టిగ తలుసుకుంటున్నరు అనుకున్నం. నువ్వేనా?"

నవ్వుదామని ఉంది. అంతకన్నా ముందు పాప చొక్కా పైకెత్తి పక్కటెముకలు చూశాను, వీపు మీద చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. మక్కల వాసన తప్ప ఏమీ లేదు.

సాయంత్రం బావ ఫోను చేశాడు. "పొయ్యి నల్లగైంది. ఉన్న బొగ్గుతోని మళ్ళ మొదటికెల్లి లేపలేం. పాప మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"మరింకేంది. రేపు రా."

తెల్లారి పాపతో కలిసి వచ్చాను. బట్టీ తలుపు ఇటుకలు తీస్తే ఏ చప్పుడూ లేదు. గ్లేజు కరగలేదు, సున్నంలా తెల్లగా అంటుకుని ఉంది, చెయ్యి తగిలితే పొడి రాలింది. బావ ఒక కప్పు తీసి కణుపుతో కొట్టాడు. విన్నాను. ఆయన దాన్ని మెల్లగా కింద పెట్టి రెండోది కొట్టలేదు. ఖాలా గోడ అవతల నుంచి చూసి, బట్టలు దులిపి ఆరేసుకుంటూ ఉండిపోయింది. ఆమె ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

మట్టికి కాలడం మొదలైతే చాలు, ఇక నీళ్ళలో కరగదు. పూర్తిగా కాలకపోతే నీళ్ళు ఆపదు. పాప కోసం చేసిన రెండు గిన్నెలూ అంతే. అవి లారీలో మాత్రం క్షేమంగా వచ్చాయి. పచ్చివైతే రాకపోయేవి, ఆ మాత్రం కాలాయి. బట్టీ ఇటుకలు ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్ళు తీసుకెళ్ళారు.

మరో బట్టీ దొరికితే వాటిని మళ్ళీ కాల్చవచ్చు. ఆ సంగతి బావకు నేనే చెప్పాను, చెప్పి ఉండాల్సింది కాదేమో. ఎందుకంటే ఆయన ఇప్పటికీ సెలవు రోజుల్లో ఎక్కడైనా పెరడున్న కింది క్వార్టర్ ఖాళీ ఉందేమో అడుగుతున్నాడు. పాప దగ్గుకు పరుగెత్తినందుకు నాకు బాధ లేదు, ఈ రాత్రి దగ్గినా పరుగెత్తుతాను. ఇది రాస్తూ కూడా మధ్యమధ్య ఆగి పక్కగదిలో ఊపిరి వింటూనే ఉన్నాను. ఖాలా పార పట్టుకుని నిలబడిందే, నాలుగు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పట్టేది? ఈ కన్నంలో చూడు, ఈ రంగు పోనివ్వకు, ఇంత బొగ్గు ఇంతసేపటికి వెయ్యి, అంతే కదా. ఆ మాటలు గిన్నెలు తోముతూ ఇప్పుడు చెప్పుకుంటున్నాను, వినడానికి ఆమె పక్కన లేదు.

బావ ఒక కప్పుకు పైపూత కడిగేసి తన టీ కోసం ఉంచుకున్నాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు. టీ పోసిన కాసేపటికి కప్పు అడుగున చెమ్మ పట్టి, బల్ల మీద గుండ్రంగా తడి మరక పడుతుంది.

"ఇట్లాంటి కప్పుల జల్ది తాగాలె" అంటాడు. "లేకుంటె అదే తాగుతది."

నోరు కాలుతున్నా గబగబా తాగి డ్యూటీకి పోతాడు. నేను కప్పు కడిగి కిటికీలో ఎండకు పెడతాను. మధ్యాహ్నానికి ఆరుతుంది. టీ లోపలి నుంచి ఎంతవరకు ఊరిందో బయట గోధుమరంగు గీత కనిపిస్తుంది. ఆ గీత అడుగున మొదలైంది, ఇప్పుడు పిడి దాకా వచ్చింది.