మా అత్తకి రొయ్యలంటే ప్రాణమన్నారు

మా అత్త పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను స్కూల్లో పిల్లల హాజరు వేస్తున్నాను. పొద్దున రొయ్యల గుంట కట్ట మీద నుంచి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగిందట. తెచ్చేలోపే అంతా అయిపోయిందట. నేను ఫోన్ పక్కన పెట్టి మిగతా పేర్లు కూడా పిలిచాను. ఆఖరి పేరు అయ్యాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఏడుపుతో పాటు భయం కూడా వచ్చింది. ఆమె విషయంలో నేను నలుగురి ముందు చెప్పాల్సిన మాట ఒకటి ఎనిమిదేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆమె ఉండగా చెప్పలేదు. అదేమిటో మీకు చెప్పాలంటే ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి.

అత్త అంటే మా మేనమామ భార్య. అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళో మా అమ్మమ్మ, తాతల ఇల్లు. వేసవి సెలవులు రాగానే అమ్మా, పిన్నీ పిల్లల్ని వెంటేసుకుని అక్కడ దిగేవాళ్ళు. నా చిన్నప్పుడు ఇంటి వెనక వరి ఉండేది. తర్వాత మామ ఆ చేలో రొయ్యల గుంట తవ్వించాడు. అప్పటి నుంచి ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళడం కూడా పరీక్షకి వెళ్ళినట్టే అయింది. గేటు దగ్గర పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీళ్ళ తొట్టి ఉండేది. అందులో కాళ్ళు ముంచందే ఎవరూ లోపలికి రాకూడదు. బయటి రోగాలు రొయ్యలకి అంటుకుంటాయని మామ భయం. పాదాలకి రంగు అంటిందని పిన్ని మొహం ముడుచుకుంటే అత్త నవ్వేది. "ముందు కాళ్ళు కడుక్కోండమ్మా. మనసులు తర్వాత తీరిగ్గా కడుక్కుందాం" అనేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ బస్సు దిగింది మొదలు ఏదో ఒక పాత గొడవ మోసుకొచ్చేవాళ్ళు కాబట్టి ఆ మాట ఎప్పుడూ సరిగ్గా తగిలేది.

మామది పెద్ద గొంతు. ఆయన అరిస్తే గుంటలో నీళ్ళు చిలికే ఏరియేటర్లు కూడా ఆగిపోతాయని మేం పిల్లలం గుసగుసలాడుకునేవాళ్ళం. అత్త మాట్లాడితే పక్క గదిలోకి కూడా వినపడదు. పొద్దున్నే గుంట చుట్టూ తిరిగి, తాళ్ళు కట్టి నీళ్ళలోకి దించిన మేత పళ్ళాలను ఒక్కొక్కటే పైకి లాగి చూసేది. చెక్‌ట్రేలంటారు వాటిని. ట్రేలో మేత మిగిలితే రొయ్య తినడం లేదని అర్థం, ఏదో తేడా వచ్చిందని అర్థం. ఒక రొయ్యను రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి, దాని వీపులోని పేగు నిండిందో లేదో నాకు చూపించేది. "తిన్నదీ లేనిదీ ఎత్తి చూస్తేనే తెలుస్తాది పాపా" అనేది. "నాలుగు నెలల పంట నాలుగు గంటల్లో పోతాది" అని కూడా అనేది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వేది కాదు.

ఆ ఇంట్లో ఇంకో నియమం ఉంది. పట్టుబడి, అంటే పంటంతా వలేసి పట్టి అమ్మడం, అయ్యేదాకా సొంత గుంటలో రొయ్య ఒక్కటి కూడా తీసి వండరు, అచ్చిరాదని. బయటి పచ్చిరొయ్య గడప దాటి రాకూడదు, రోగమొస్తుందని. రొయ్యలు పెంచే ఇంట్లో నాలుగు నెలల పాటు రొయ్య వాసన ఉండేది కాదు.

నేను నాకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకున్నాను. మామకి నచ్చలేదు. పెళ్ళికి రాలేదు, రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. అప్పుడు అమ్మమ్మకి కంటి ఆపరేషన్ అయింది. అత్త ఫోన్ చేసి, "అమ్మమ్మ మిమ్మల్నిద్దర్నీ చూడాలంటాంది పాపా. ఆ అబ్బాయిని కూడా తీసుకొని రా" అంది. కంటికి కట్టు కట్టుకున్న మనిషి మమ్మల్ని ఏం చూస్తుందని నేను అడగలేదు. పిలిపించింది ఎవరో నాకు తెలుసు. ఎంత నచ్చజెప్పి మామని ఒప్పించిందో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.

మా ఆయన వాళ్ళది ముత్తుకూరు వైపు. బయల్దేరేటప్పుడు మా బావగారు, అంటే మా ఆయన అన్న, స్టీలు క్యారియర్ నిండా రొయ్యలు పెట్టి చేతికిచ్చాడు. వాళ్ళకీ గుంట ఉంది. పంట మధ్యలో రొయ్యలు ఎందుకు పట్టారని నేను అడగలేదు. మామ నియమం మరిచిపోయానని చెబితే బాగుంటుంది గానీ మరిచిపోలేదు. మా అత్తింటివాళ్ళు ఇంత ప్రేమగా ఇచ్చారని మా వాళ్ళకి చూపించుకోవాలి, అదీ నా తాపత్రయం. గొప్పలకి పోతే తిప్పలు తప్పవని ఊరికే అనలేదు. ఆ క్యారియర్‌ని సంచిలో చీరల అడుగున దాచి, ఊదారంగు నీళ్ళలో బుద్ధిగా కాళ్ళు ముంచి, లోపలికి తీసుకెళ్ళాను.

మా ఆయన్ని తాత అరుగు మీద కూర్చోబెట్టాడు. మామ దూరంగా కుర్చీ వేసుకున్నాడు. చాలాసేపటికి, "ఏం పని చేస్తా ఉండావు అబ్బాయా?" అని మామ గొంతు వినిపించింది. నా గుండె కుదుటపడింది. వండి వడ్డిస్తే ఇక ఎవరూ ఏమనరులే అనుకుని పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని రొయ్యలు ఒలవడం మొదలుపెట్టాను. సగం ఒలిచాక అత్త వచ్చింది.

"ఇవి యాడివి పాపా?"

"మా బావగారి గుంటవి అత్తా. ఇచ్చి పంపినాడు."

ఆమె ఒక రొయ్య తల తీసుకుని బొటనవేలితో రుద్దింది. పెంకు మీద తెల్లటి చుక్కలు. నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దింది. పోలేదు. "తెల్లమచ్చ" అంది. గుంటలు ఊడ్చిపెట్టుకుపోయే రోగం అదే. చస్తాయని తెలిసి మా బావగారు ముందుగా పట్టించేశాడని అప్పుడు నాకు అర్థమైంది. మనిషి తింటే ఏమీ కాదు. దాని ముక్క ఒక్కటి గుంటలో పడితే చాలు.

అత్త రెండు చేతులతో రొయ్యలూ పొట్టూ అంతా ఎత్తి బక్కెట్లో వేస్తుండగానే ఒక కాకి వాలి, ఒక తల ముక్కున కరుచుకుని ఎగిరింది. పోయి పోయి గుంట కట్ట మీద, పక్షులు రాకుండా దారాలు లాగి కట్టిన కొయ్య మీద కూర్చుంది. ఆ కొయ్య నీళ్ళ మీదికి వంగి ఉంది. నేను "హుష్" అనబోయాను. అత్త నా నోరు మూసేసింది.

"అరవబాక. అరిస్తే జారవిడుస్తాది."

ఇద్దరం కట్ట కింద నిలబడ్డాం. కాకి ఆ తలని కాలి కింద పెట్టుకుని పొడుస్తోంది. ఆ పక్క అరుగు మీద మామ ఏదో అడుగుతున్నాడు, మా ఆయన జవాబు చెబుతున్నాడు. అత్త చెయ్యి నా నోటి మీద నుంచి జారి నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది. కాకి పొడవడం ఆపి ఇటు చూసింది, అటు చూసింది, మిగిలిన ముక్కని కరుచుకుని రోడ్డు వైపు ఎగిరిపోయింది. పొడిచేటప్పుడు తునక ఏదైనా నీళ్ళలో పడిందో లేదో మాకు కనిపించలేదు.

"మామకి చెప్పబాక అత్తా" అన్నాను. నా మాట వింటేనే నాకు సిగ్గేసింది గానీ, అన్నాను.

"చెప్పకుంటే ఎట్ట? ఇప్పుడు చెప్తే ఏదన్నా చేసుకుంటాడు. రేపు చెప్తే ఏం చేసుకుంటాడు?"

"మా ఆయన్ని ఇంక గడప తొక్కనీడు."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత బక్కెట్టులో బ్లీచింగ్ పోసి, చేతులు కడుక్కుని, అరుగు మీదికి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది, కాకి సంగతితో సహా. ఒక్కటి మాత్రం మార్చింది.

"నేనే తెమ్మన్నాను. నోరు చవి చచ్చి, వచ్చేటప్పుడు నాలుగు రొయ్యలు తెచ్చి పెట్టమని పాపని అడిగినాను."

మామ లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది. "బయటి రొయ్య ఇంట్లోకి రాకూడదని ఎన్నిసార్లు చెప్పినానే! నాలుగు నెలలు నోరు కట్టుకోలేవా? గుంట కాడ కాపరం చేసే ఆడదానివేనా నువ్వు?" ఇంకా అన్నాడు. అవి ఇక్కడ రాయను. తాత "ఉండరా" అంటున్నా ఆగలేదు. కొత్తగా వచ్చిన అల్లుడి ముందు, కట్టు కట్టుకున్న అత్తగారి ముందు, ఆమె తలవంచుకుని నిలబడింది. నా నోట్లోనూ నాలుక ఉంది. అది కదల్లేదు.

కోపం తీరాక మామ మా ఆయన వైపు తిరిగి, "నువ్వేమనుకోబాక అబ్బాయా. మా ఇంటిది అడిగితే మీరేం చేస్తారు పాపం" అన్నాడు. రెండేళ్ళుగా మూసుకున్న తలుపు అలా తెరుచుకుంది. తిరుగు ప్రయాణంలో మా ఆయన "మీ అత్త నిన్నెప్పుడు అడిగింది?" అన్నాడు. "ఫోన్లో" అన్నాను. అబద్ధాన్ని అక్కడితో నా సొంతం చేసుకున్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దున అత్త ఫోన్ చేసేది. నేను ఫోన్ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. "ఈ పూట ట్రేలన్నీ ఖాళీ చేసినాయి" అనేది. ఇంకో రోజు, "ఒక ట్రేలో కొంచెం మిగిలింది. మీ మామ అన్నం తినలేదు" అనేది. ఆ రోజు నేనూ తినలేదు. పది పన్నెండు రోజులు గడిచాక, ఇక భయం లేదన్నారని చెప్పింది. అప్పుడు అడిగాను, ఎందుకత్తా నీ మీద వేసుకున్నావని.

"మీ ఆయన, మీ మామ అప్పుడే గదా పాపా నాలుగు మాటలు మాట్లాడుకుంటా ఉండారు" అంది. తర్వాత నవ్వింది. "అయినా నేను రొయ్య యాడ తింటాను? మా పుట్టింట్లో నీచు వండరు. ఇన్నేండ్లు వండినా ఆ వాసన నాకు పడదు. నేను అడిగినానంటే మీ మామ ఎట్ట నమ్మినాడో చూడు!" నేనూ నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని నాకు అప్పుడు తట్టలేదు.

పంట బాగా వచ్చింది కాబట్టి అదంతా ఇంట్లో వేళాకోళంగా మిగిలింది. ఎప్పుడు అందరం కలిసినా, "అత్తకి ముందు రొయ్యల గిన్నె పెట్టండి, లేకపోతే ముత్తుకూరు నుంచి తెప్పిస్తుంది" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఆమె అందరితో పాటు నవ్వి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒక్కోసారి నా వైపు చూసేది. ఆ చూపులో నిష్ఠూరం ఉందేమోనని వెతికేదాన్ని. ఉండేది కాదు. ఉండి ఉంటే ఎప్పుడో చెప్పేసేదాన్నేమో. ఈ ఏడు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అనుకుంటూనే తాత పోయాడు, అమ్మమ్మ పోయింది, చివరికి ఆమే పోయింది.

కర్మ రోజు పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టడం మా వైపు ఆచారం. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి పిన్ని పొయ్యి దగ్గర ఉంది. గిన్నెలో రొయ్యల కూర. మామ ఆ తెల్లవారే సొంత గుంటలో వల వేయించాడట. పట్టుబడికి ఇంకా నెల ఉంది. ఇన్నేళ్ళలో ఆయన తన నియమం తప్పడం అదే మొదటిసారి. "ఆ రోజు నోటి కాడిది లాక్కున్నాను. ఈ పొద్దన్నా తిననీ" అన్నాడట పిన్నితో. చెప్పకపోతే, పడని వాసనని ఆమెకి ఆఖరిసారి కూడా మేమే వడ్డిస్తాం. చెబితే, ఈ మనిషి ప్రేమగా చేసిన పనిని ఆయన కళ్ళముందే తీసిపారేయాలి. మా ఆయన వాకిట్లో నిలబడి ఉన్నాడు, ఈ ఇంటి మనిషిలాగా.

ఆకు వేశారు. అన్నం పెట్టారు. మామ గరిటెతో రొయ్యల కూర తీశాడు.

"మామా, ఆగు" అన్నాను. "ఆ రోజు రొయ్యలు అత్త అడగలేదు. నేనే తెచ్చాను. మా బావగారు ఇస్తే దాచి తెచ్చాను. అత్త అసలు రొయ్య తినదు. ఆ వాసనే పడదు. నాకు చెప్పింది."

మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ నా వైపు చూడలేదు, గరిటె వైపే చూస్తున్నాడు.

"ఆ పొద్దు నేను దాన్ని అన్న మాటలు నువ్వు విన్నావా?"

"విన్నాను మామా."

"వింటా నిలబడుకున్నావా?"

"నిలబడుకున్నాను."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన గరిటెలోది మళ్ళీ గిన్నెలో వేసి, గిన్నె పక్కకి జరిపాడు. ఆకు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మరి దానికేమిష్టం?"

నన్ను అడిగాడు. నాకు తెలియదు. మా అమ్మని అడిగాడు. అమ్మ పిన్ని వైపు చూసింది. పిన్ని, "పెరుగన్నం తినేదేమో" అంది, మళ్ళీ తనే, "ఏది మిగిలితే అది తినేది గదా" అంది. మేమంతా లేచాక ఆమె వంటింట్లో తినేది. ఆమె తింటుండగా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

ఆకులో తెల్లన్నం ఒక్కటే ఉంది. మామ ఖాళీ గరిటె పట్టుకుని, ఎవరో ఒకరు చెబుతారని మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.