గజాలా కప్పుకున్న బొంత

రామసుబ్బయ్యకు మొదట్లో గుర్రాలంటే చచ్చేంత భయం. పుల్లంపేట దగ్గరి పల్లెలో గొర్రెల్నీ ఎనుముల్నీ మేపినవాడే గాని, గుర్రాన్ని పెళ్లి ఊరేగింపులో తప్ప ఎరగడు. తోటపని అని చెప్పి కువైట్ పంపారు. కబ్ద్‌లోని ఫారంలో దిగి చూస్తే తోటా లేదు, మొక్కా లేదు, ఇసుకా గుర్రాలూ ఉన్నాయి. చేసేదేముంది, పారకు బదులు చీపురు పట్టుకుని గుర్రాల సాలలోకి నడిచాడు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ గుర్రాలు యజమాని అబూ నాసర్ మాట కంటే ఇతని మాటే బాగా వినేవి. ముఖ్యంగా గజాలా అనే తెల్ల ఆడగుర్రం. అబూ నాసర్‌కు అది ప్రాణం. రామసుబ్బయ్యకు అది ఇంట్లో మనిషి.

ఎడారి ఎండ సంగతి లోకమంతా చెప్పుకుంటుంది. చలి సంగతి మాత్రం అక్కడ వణికినవాళ్లకే తెలుసు. డిసెంబరు వచ్చిందంటే గుర్రాలకు రగ్గులు కప్పి, పొద్దున్నే కంచె వేసిన బయల్లోకి వదలాలి. వదిలిన కాసేపటికే ఆ రగ్గుల గతి అధోగతి. ఒకటి ఇసుకలో పొర్లుతుంది, ఒకటి ముళ్లతీగకేసి వీపు గోక్కుంటుంది, ఇంకోటి పక్కదాని రగ్గు అంచు పళ్లతో పట్టి లాగుతుంది. ఇంగ్లండు నుంచి తెప్పించిన రగ్గులు పీలికలైతే తిట్లు పడేది ఎవరికి? కంచెకా, గుర్రానికా? రామసుబ్బయ్యకే.

తిట్లు తిని తిని అతను ఒక్కో ఉపాయం కనిపెట్టాడు. ముళ్లతీగకు గోనెపట్టాలు చుట్టాడు. కొరికే గుర్రాన్ని వేరే దొడ్డిలో వదిలాడు. రగ్గు అంచులకు నూనెలో కలిపిన మిరపకారం పూశాడు. రగ్గు వదులైతే జారి కాళ్లకు చుట్టుకుంటుందని, ఛాతీ దగ్గర అరచెయ్యి మాత్రమే దూరేటట్టు బిగించేవాడు. అన్నిటికంటే గట్టి ఉపాయం నూలుదారం. రగ్గు పట్టీలకున్న నైలాన్ ముడులు విప్పేసి, ఆ చోట ఒక పేట నూలుదారం కట్టేవాడు. పట్టీ తీగకు చిక్కి గుర్రం బెదిరి లాగితే, పుటుక్కున తెగేది ఆ దారమే. గుర్రానికి గాయం కాదు, రగ్గు చిరగదు.

పక్క ఫారానికి నీళ్ల ట్యాంకరు తోలే దొరబాబు కోనసీమ మనిషి. అది చూసి ఒకసారి నవ్వాడు.

"ఏదో ఒకటి తెగాల్సిందే గదప్పా" అన్నాడు రామసుబ్బయ్య. "చవకది తెగితే మిగతాదంతా మిగులుతాది."

సాయంత్రం మళ్లీ కొత్త దారం కట్టేవాడు. తెగిన దారం ఏమైందని ఎవరూ అడగరు గదా, అతనూ అడగలేదు.

తొంభైలో, ఆగస్టు ఎండల్లో, ఇరాక్ సైన్యం వచ్చి పడింది. నగరంలో కాల్పులని, టాంకులని వినబడుతుండగానే అబూ నాసర్ పెళ్లాం పిల్లలను పెద్ద కారులో ఎక్కించుకుని కబ్ద్ వచ్చాడు. ఎడారి దారిన సౌదీకి పోతున్నాడు. ముందు సీట్లో, కళ్లకు గంతలతో, అతని వేట డేగ కూర్చుని ఉంది. కారు కుదుపుకి అది పడిపోకుండా కింద గుడ్డ సర్దిపెట్టింది రామసుబ్బయ్యే. సర్ది, తలుపు పట్టుకునే నిలబడి, తననూ తీసుకుపొమ్మని అడిగాడు.

గుర్రాలను ఎవరు చూస్తారన్నాడు అబూ నాసర్. వారంలో ట్రైలరు తీసుకుని తనే వస్తానని, గుర్రాలతో పాటు అతన్నీ ఎక్కించుకుంటానని చెప్పాడు. నిజమేనా బాబా అని రామసుబ్బయ్య రెట్టించాడు. అబూ నాసర్ వేలితో ముక్కు కొస ముట్టుకుని, "అలా ఖష్మీ" అన్నాడు. నా ముక్కు మీద ఆన అని దానర్థం.

ఆ దేశంలో అది మర్యాదకు అనే మాట. ఇంకో కప్పు చాయ్ పొయ్యమన్నా ముక్కు ముట్టుకుని అదే అంటారు. కాని రామసుబ్బయ్య వాళ్ల మగవాళ్లు కబుర్లకు చేరే దివానియాలో పరుపు మీద కూర్చున్నవాడా, తెలియడానికి? అబూ నాసర్ సాటి మనుషులతో అలా అనడం దూరంనుంచి చూశాడంతే. తనతో అనడం అదే మొదలు. ముక్కంటే పరువు, పరువు మీద ఒట్టు పెట్టాడు దొర అనుకుని పొంగిపోయాడు పిచ్చిమారాజు. వెంటనే కారు తలుపు వదిలేశాడు.

వారం గడిచింది, నెల గడిచింది. సెప్టెంబరులో దొరబాబు పరుగున వచ్చాడు. మనవాళ్లంతా బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ పోతున్నారని, అక్కడినుంచి విమానంలో బొంబాయి చేరుస్తున్నారని, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర, ఉండిపోయినా ఎంబసీవాళ్లు దాని బదులు కాగితం రాసిస్తున్నారని చెప్పాడు. బస్సులో ఇతనికీ చోటు పట్టి ఉంచాడు.

"బయల్దేరండి సుబ్బయ్య గారూ. ఆయన రాడండి. వచ్చేవోడైతే డేగకిచ్చిన సీటు మీకిచ్చుండేవోడండి."

రామసుబ్బయ్యకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు దొరబాబు మీదే కోపం వచ్చింది.

"ముక్కు ముట్టుకోని ఒట్టేసినాడు. గజాలా కోసరమన్నా రాకుండా పోతాడా? నేను పోతే దీనికి నీళ్లు తాపేదెవురు?"

దొరబాబు ఇంకా బతిమాలాడు. ఇతను చెవిన పెట్టలేదు. యజమానితో కలిసి వస్తానని తన పెళ్లాం వెంకటేశ్వరికి కబురు పంపమన్నాడు. దొరబాబు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

చలి మొదలు కాగానే సైనికులు లారీ వేసుకొచ్చి, మంచి రగ్గులన్నీ తాము కప్పుకోవడానికి పట్టుకుపోయారు. మిగిలినవి చిరుగులవి. దాణా కూడా అడుగంటింది. నాలుగు చినుకులు పడి బయల్లో మొలిచిన గడ్డి పరకలే దిక్కు, అందుకని గుర్రాలను వదలక తప్పదు. వదిలితే రగ్గు చిరుగుతుంది. ఎముకలు తేలిన గజాలా రగ్గు లేకుండా ఆ చలికి నిలవదు. ఆ రగ్గు దక్కితేనే గుర్రం దక్కుతుంది, గుర్రం దక్కితేనే దానికోసం అబూ నాసర్ వస్తాడు, అతను వస్తేనే తను ఇల్లు చేరేది. రామసుబ్బయ్య ఆశంతా ఆ చిరుగు రగ్గు మీదే ఉంది.

చివరికి తన బొంత తీశాడు. అమ్మ గళ్లచీర, వెంకటేశ్వరి నిమ్మపండు రంగు చీర కలిపి, తను కువైట్ వచ్చేముందు వెంకటేశ్వరి కుట్టిచ్చిన బొంత. కత్తి పెట్టేముందు చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ముక్కలు కోసి, దబ్బనంతో గజాలా రగ్గుకు అతుకులు వేశాడు. పట్టీలకు కట్టే దారం కూడా అయిపోతే లుంగీ అంచు నుంచి పోగులు లాగి పేనాడు. తను గోనెసంచులు కప్పుకున్నాడు.

సైనికులు మళ్లీ వచ్చారు. పిల్ల గుర్రాలనూ, మంచి కండ ఉన్నవాటినీ లారీ ఎక్కించారు. రంగురంగుల అతుకుల్లో బిచ్చగత్తెలా ఉన్న గజాలాను చూసి నవ్వుకుని, దాన్నీ రెండు ముసలి గుర్రాలనూ వదిలేసి పోయారు. వెంకటేశ్వరి చీరే దీన్ని కాపాడిందని రామసుబ్బయ్య ఏడ్చాడు.

తర్వాత సైనికులు నిప్పు పెట్టిన నూనె బావులు అంటుకున్నాయి. పగలే చీకటి కమ్మి, రగ్గు మీద మసి రాలేది. రోజూ దులిపేవాడు. ఒకరోజు యుద్ధంలో ఓడిన సైనికులు కనబడకుండా పోయారు. కొన్నాళ్లకు ట్రైలరు వచ్చింది.

అబూ నాసర్ దిగుతూనే గజాలా మెడ కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రామసుబ్బయ్య చేతులు కట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు. ఎట్టకేలకు అబూ నాసర్ తల తిప్పి చూసి ఆశ్చర్యపోయాడు. ఇండియావాళ్లంతా వెళ్లిపోయారన్నారే, నువ్వు పోలేదా అన్నాడు.

"మీరు వస్తానన్నారు గదా బాబా" అన్నాడు రామసుబ్బయ్య, తనకొచ్చిన అరబ్బీలో.

"అలా అనకపోతే నువ్వు కారు తలుపు వదిలేవాడివా? లోపల పిల్లలు ఏడుస్తున్నారు."

సిగ్గుపడుతూ అన్నది కాదు, దాచుకుంటూ అన్నదీ కాదు. ఎప్పుడో తేలిపోయిన లెక్క చెప్పినట్టు చెప్పాడు.

ఈలోగా అబూ నాసర్ గజాలా మీది రగ్గును రెండు వేళ్లతో ఎత్తి, ఏమిటీ మురికి అని విసుక్కుని, పట్టీ పట్టి ఒక్క గుంజు గుంజాడు. దారం పుటుక్కుమంది. వెంకటేశ్వరి చీర ముక్కలతో సహా రగ్గు ఇసుకలో పడింది. సౌదీనుంచి తెచ్చిన కొత్త రగ్గు గజాలా మీదికి వచ్చింది.

రామసుబ్బయ్య ఆ తెగిన పోగు చూస్తూ ఉండిపోయాడు. చిక్కు వచ్చిన చోట తెగడానికని, తక్కినవన్నీ క్షేమంగా బయటపడడానికని, ఆ రోజు తనను ఇక్కడ కట్టి పోయారు. ఇన్నేళ్లూ ఆ ముడి తన చేత్తోనే వేస్తూ, తనకు వేసిన ముడి తెలుసుకోలేకపోయాడు. అబూ నాసర్ మీద ఎంత మండిందో, బస్సు వదులుకున్న తన మీద అంతకు రెండింతలు మండింది.

గుర్రాలను ట్రైలరు ఎక్కించారు. వైద్యుడికి చూపించి రేపు వెనక్కి తెస్తానని, అప్పటికి సాల కడిగి సిద్ధంగా ఉండమని, కొత్త మనుషులు దొరికాక ఇంటికి పంపే సంగతి చూద్దామని అబూ నాసర్ చెప్పాడు. ఎక్కబోతూ ఆగి, రేపు ఇక్కడే ఉంటావు గదా అని అడిగాడు.

రామసుబ్బయ్య వేలితో తన ముక్కు కొస ముట్టుకున్నాడు.

"అలా ఖష్మీ, బాబా."

అబూ నాసర్ నిశ్చింతగా వెళ్లిపోయాడు. రామసుబ్బయ్య ఇసుకలో కూర్చుని, రగ్గు కుట్లు ఒక్కొక్కటే విప్పి, చీర ముక్కలు దులిపి మూట కట్టుకున్నాడు. సాల తలుపు తీసే ఉంది. వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు.