తోడల్లుడి రెక్క చూసి వియత్నాం వెళ్లాను

పాస్‌పోర్టు తీసుకుని, వీసా వేయించుకుని, రెండు విమానాలు మారి, పరాయి దేశం దాకా వెళ్లి మరీ నవ్వులపాలైన మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేదా? అయితే కాస్త ఇలా తిరిగి కూర్చోండి. ఆ ఘనకార్యం నేను ఎవరి సాయమూ లేకుండా, ఎంతో శ్రద్ధగా చేసుకున్నాను.

రాజాంలో నాకు సిమెంటు, ఇనుము కొట్టు ఉంది. నా భార్య రమ. ఆమె చెల్లెలు లలితను నరసన్నపేటలో ఎరువుల వ్యాపారం చేసే సత్యానికి ఇచ్చారు. అంటే సత్యం నాకు తోడల్లుడు. తోడల్లుడంటే ఏమిటో పెళ్లయిన మగవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. అతను స్కూటరు కొన్నప్పుడు నాకు దగ్గు పట్టుకుంది. కారు కొన్నప్పుడు జ్వరమే వచ్చింది.

అటువంటివాడు ఒకనాడు మా కుటుంబం గ్రూపులో ఫోటో పెట్టాడు. శ్రీలంక సముద్రం. నీళ్లకు మూరెడు ఎత్తున ఒక పలక తేలుతోంది. దాని మీద మా సత్యం! చేతుల్లో గబ్బిలం రెక్కలాంటి పెద్ద తెర, కళ్లకు నల్లద్దాలు, ముఖాన చిరునవ్వు. కింద 'వింగ్ ఫాయిలింగ్' అని రాశాడు. నా కడుపులో ఎండుమిరపకాయల బస్తాకు నిప్పంటుకుంది.

ఆ మంట చల్లారకముందే బంధువుల పెళ్లి వచ్చింది. భోజనాల దగ్గర అందరూ సత్యం చుట్టూ మూగారు. పీటల మీదనుంచి లేచొచ్చిన పెళ్లికొడుకు కూడా పెళ్లికూతుర్ని వదిలేసి అతని మాటే వింటున్నాడు.

"తేలడం కాదు మావా, ఎగరడమే!" అంటున్నాడు సత్యం. అంతలో నన్ను చూశాడు. "అన్నయ్యా, నువ్వూ ఓపాలి ఎళ్లాల. బలే ఉంటాది!" అన్నాడు ప్రేమగా.

ఆ ప్రేమే నన్ను మరింత కాల్చింది.

"మేమూ ఎళ్తన్నాం," అన్నాను.

"అవునా! ఎక్కడికి?"

నాకేం తెలుసు? "శ్రీలంకలాంటి పక్కూళ్లకి కాదులే. దూరం," అనేశాను.

పక్కనే రమ అప్పడం విరవబోయి ఆగి, నావైపు చూసింది. ఇంటికొచ్చే దారిలో నోరు విప్పింది.

"నాగావళి ఏట్లో మోకాళ్లు తడిస్తేనే కేకలెడతారు. మీకు సముద్రం మీద ఎగరడమేటండీ?"

"నేర్సుకుంటాను."

"పోనీ ఆ పలకేటో, ఆ రెక్కేటో మరిదిగారిని ఓ మాటడగండి."

"వాణ్ణా? నా పీక కోసినా అడగను!"

అలా మొదలైంది దేశాల ఎంపిక. మాల్దీవులు వద్దనుకున్నాను, సత్యం స్నేహితుడెవరో వెళ్లొచ్చాడట. ఈజిప్టు అన్నాను. "ఇసక సూడ్డానికి అంత దూరమెందుకండీ? మీ కొట్టు ముందరే లారీడు ఉన్నాది," అంది రమ. చివరికి గోడమీది పటంలో వేళ్లతో కొలిచాను. రాజాంకి శ్రీలంక బెత్తెడు, వియత్నాం జానెడు. పైగా మా చుట్టాల్లో ఒక్కరూ అక్కడ కాలు పెట్టలేదు. ఒక దేశాన్ని ఎంచుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఏ నెలలో వెళ్లాలన్నది మిగిలింది. నా తెలివి పూర్తిగా వికసించింది ఇక్కడే. మా వైపు గాలంటే తుఫానే. గాలి మాట వినపడితే పడిపోయిన కొబ్బరిచెట్లు, ఎగిరిపోయిన రేకులు కళ్లముందు కదులుతాయి. నాకా ఈత రాదు. పలక కింద మోటారు ఉంటుందని, చేతిలోని రెక్క ఒరిగిపోకుండా పట్టుకునే గొడుగులాంటిదని నాకు నేనే తేల్చుకున్నాను. కాబట్టి సముద్రం పళ్లెంలో పాలలా ఉండాలి.

విజయనగరంలో టిక్కెట్లు చేసే ఆయన దగ్గరికెళ్లాను.

"ఏ నెల సూడమంటారండి?"

"గాలి అస్సలు లేని నెల."

ఆయన కంప్యూటర్లో వెతికి, "మే నెలండి. ఆకు కదల్దంట. ఈ ఆట ఆడే ఊర్లో హోటళ్లన్నీ కాళీయే," అన్నాడు.

హోటళ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు. లోకంలో తెలివైనవాళ్లు తక్కువ కాబట్టి అనుకున్నాను.

బయల్దేరే ముందు సత్యం ఫోన్ చేశాడు. "అన్నయ్యా, గాలీ అదీ సూసుకున్నావా?"

"సూసుకోకుండా ఎళ్తానేటి?"

"బాగుంటాదా అక్కడ?"

"మీ శ్రీలంకలో దొరకదు అలాటిది!" అని పెట్టేశాను. ఆ మాట అక్షరాలా నిజమైంది.

వియత్నాంలో మేం దిగిన ఊళ్లో సముద్రం అద్దంలా ఉంది. ఒడ్డున ఒక కుక్క, అదీ నిద్రలో. ఆ ఆట నేర్పే పాకలో ఒక పొడుగాటి ఆవిడ రెక్కల్లో గాలి తీసి సంచుల్లో సర్దుతోంది. వచ్చీరాని ఇంగ్లీషులో మా సంభాషణ ఇలా సాగింది.

"ఏం కావాలి?"

"ఎగరడానికొచ్చాం."

ఆవిడ ఆకాశంకేసి, నీళ్లకేసి, నాకేసి చూసింది. "గాలి ఏది?"

"లేదు కదా!" అన్నాను గర్వంగా. "చూసుకునే వచ్చాం."

ఆవిడ లోపలికెళ్లి మరో ఇద్దర్ని పిలుచుకొచ్చింది, నన్ను చూడ్డానికి.

"గాలి లేకపోతే నిన్ను ఎవరు లాగుతారు?"

"కింద మోటారు..."

"ఏ మోటారు?"

రమ నా మోచెయ్యి గిల్లింది. "ఏటంటన్నాదండీ?"

"గాలి లేదంటన్నాది."

"మనం ఎతుక్కున్నదదే కదా!"

"అదుంటేనే ఆటంట."

రమ నన్ను ఒక క్షణం చూసి, ఇసుకలో చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. కుక్క నిద్రలేచి దూరంగా పోయింది.

మిగతా రోజులు ఏం చెయ్యాలి? అక్కడి జాలరి అవ్వ ఒకామె గుండ్రటి బుట్టలాంటి పడవలో మమ్మల్ని తిప్పింది. బుట్ట గిర్రున తిరుగుతుంటే నేను అంచులు పట్టుకుని రోకలిబండ పురుగులా ముడుచుకున్నాను. రమ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. ఆ ఫోటో గ్రూపులో పెట్టింది కూడా.

సాయంత్రానికి సత్యం ఫోన్. గొంతు నీరసంగా ఉంది.

"అన్నయ్యా, ఎంత పని సేసినావు! లలిత నాతో మాటాడ్డం లేదు. 'నువ్వు ఎగరతంటే ఫోటోలు తియ్యడానికే నన్ను తీసికెళ్లినావు. బావని సూడు, ఆట మానుకుని అక్కతో బుట్టలో కూకున్నాడు' అని పోరు."

అహా! నరసన్నపేటలో పొగ లేచింది! జన్మలో మొదటిసారి నా కడుపు చల్లబడింది.

"ఏటి సేస్తాం తమ్ముడూ," అన్నాను గొంతు బరువు చేసుకుని. "ఇల్లాలి సంతోషం ముందర ఈ ఎగరడాలు ఎంత..."

మిగతా వాక్యం గాలిలోనే ఉండగా రమ ఫోన్ లాక్కుంది.

"త్యాగమూ లేదు, గీగమూ లేదు మరిదిగారూ! గాలి లేని నెల ఎతికి మరీ తెచ్చినారు!"

అవతల సత్యం పకాలున నవ్వాడు. "ఏటైంది? ఏటైందో సెప్పండీ!" అంటూ లలిత గొంతు. చెప్పాడు. అప్పుడు ఇద్దరి నవ్వూ కలిసి వినపడింది. వాళ్ల కాపురం చక్కబడింది. నా పరువు మాత్రం ఆ సముద్రంలోనే ఉండిపోయింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా చెబుతున్నాను: ఈ జన్మలో ఇక తోడల్లుణ్ణి చూసి అసూయపడను, అడగాల్సిన మాట అడక్కుండా ఊరి పొలిమేర దాటను. ఒట్టు గట్టిగా ఉండాలని రమ తలమీద చెయ్యి పెట్టబోయాను. ఆవిడ చటుక్కున పక్కకి జరిగింది.

"ఒట్టు మీదైతే తల నాదెందుకండీ? నాకింకా బతకాలనున్నాది!"