స్వామిదాసు పంతులు లక్ష జొన్నల పుస్తకం

స్వామిదాసు పంతులుకు కోపం ముక్కు మీదే ఉండేది. అయితే ఆ కోపం పిల్లల మీద కాదు, సున్నాల మీద. "ఒకటి పక్కన అయిదు సున్నాలు పెట్టి లక్ష అంటరు. అది ఎంతనో కండ్లతోని చూసినోడు ఒక్కడన్న ఉన్నడా?" అని నల్లబల్లను గదమాయించేవాడు. పిట్లం దిక్కు కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టి, పట్టుబట్టి చదువుకున్న మనిషి. ఆయన దగ్గర చదివినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

అది పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. ఎల్లారెడ్డి ఊరికి మూడు కోసుల దూరంలో మా మిషను బడి, ఒక పూరిపాక. తనిఖీకి వచ్చిన సాబు "లక్ష అంటే ఎంత?" అని అడిగితే మాలో ఒకడు "మస్తు" అన్నాడు. ఆ ఒకణ్ణి నేనే. సాబుకు ఒళ్ళు మండింది. ఎండాకాలంలోగా పెద్ద లెక్కలు రాకపోతే మూడో తరగతి ఎత్తేసి అందర్నీ ఎల్లారెడ్డి బడికి పంపుతానన్నాడు.

మాకైతే అది నడక మాత్రమే. గొర్లు కాసే బీరయ్య బిడ్డ హన్మవ్వకు మాత్రం చదువే బందు. "అంత దూరం ఆడపిల్లను తోల్త లేను పంతులూ" అని బీరయ్య తేల్చేశాడు. మాలో అందరికంటే చురుకైనది ఆమే. పంతులుకు వారం రోజులు అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున ముతక కాగితాల కట్టతో వచ్చాడు. మసి, తుమ్మబంక కలిపి సిరా చేశాడు. కాగితానికి పది జొన్నకంకులు, కంకికి నూరు గింజలు, అలాంటివి నూరు కాగితాలు. "మీరే గియ్యాలె, మీరే లెక్కవెట్టాలె" అన్నాడు. ఆరు నెలలు గీశాం. వేళ్ళు, చొక్కాలు, ఆఖరికి పంతులు మీసం కూడా నల్లబడ్డాయి. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ పనీ చేయలేదు. పంతులు భార్య అనసూయమ్మ కాగితాలన్నీ చీర అంచుతో కుట్టి పుస్తకం చేసింది.

సాబు వచ్చాడు. పుస్తకం తిరగేసి మెచ్చుకోబోయి, ఎందుకో ఒక కాగితం మీద ఆఖరి కంకిని గింజ గింజా లెక్కపెట్టాడు. నూటొకటి! ఇంకో కాగితం తీశాడు. అక్కడా నూటొకటే. పంతులు ముఖం పాలిపోయింది. తరగతి పోయినట్టేనని మాకందరికీ అర్థమైంది.

హన్మవ్వ లేచింది.

"తప్పు గాదు సాబ్. అది కొసరు. జొన్నలు కొలిచినంక కొన్నోనికి ఇంత కొసరు వెయ్యకుంటే ఎట్ల? అందుకే ఎవ్వరికి చెప్పకుండ కాగితానికో గింజ ఎక్కువ నేనే ఏసిన."

"అయితే పుస్తకంలో మొత్తం ఎన్ని?"

రెప్ప వాల్చేలోపు చెప్పింది: "లచ్చా నూరు."

సాబు నిలబడే నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడో తరగతి ఇక్కడే ఉంటుందని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాడు. పంతులు అందరి ముందే ఏడ్చేశాడు.

హన్మవ్వ మాత్రం కూర్చోలేదు.

"సాబ్, నాలుగో తరగతి గుడ పెట్టుండ్రి. కొసరు."

ఆ వానాకాలమే పెట్టారు.