రోగం తెలియదు, పిల్ల తెలుసు

మా అమ్మాయికి చదువు చెప్పిన తెలుగు టీచర్ పోయారని మొన్న పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. కరోనా. చివరిచూపుకు ఎవరినీ రానివ్వలేదు. అందుకే ఆమెను ఇక్కడ తలుచుకుంటున్నాను.

నిరుడు లాక్‌డౌన్‌తో బడి ఫోన్‌లోకి వచ్చింది. టీచర్ హాజరు పిలిస్తే పిల్లలు ఆ పూట ఏం తిన్నారో కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల మా అమ్మాయి రోజూ "ఏం తినలే, కక్కిన" అనేది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి; ఆ తర్వాత కాస్త తెరిపి. మేం పైత్యమనుకున్నాం. ఒకరోజు క్లాసయ్యాక టీచర్ నాకు ఫోన్ చేశారు.

"బిడ్డ తల ఒక దిక్కే వంచి చూస్తున్నదేందమ్మా? నడుస్తుంటే తూలుతదా?"

"జర తూలుతది టీచర్. తింటలేదు గద, నీరసమేమో."

"గిది నీరసం కాదు. రేపే పెద్ద దవాఖానకు పోదాం."

సచిన్ పారిశ్రామికవాడలో మగ్గాల మీద పనిచేసే మా ఆయన దవాఖాన అంటేనే కరోనా అని భయపడ్డాడు. మర్నాడు ఆమే మాస్కు కట్టుకుని మా గుమ్మం ముందు ఆటో దిగారు.

స్కానింగ్ చూసి డాక్టర్ విడమరిచి చెప్పాడు. మెదడు వెనక భాగంలో గడ్డ ఉంది. మెదడులో ఊరే నీరు బయటికి పారే దారిని అది మూసేసింది. నీరు లోపలే పేరుకుని మెదడును నొక్కుతోంది. ఇంకా ఆలస్యమైతే చూపు పోవచ్చు, ప్రాణానికే ముప్పు. ముందు నీరు దిగే ఏర్పాటు చేసి, తర్వాత గడ్డ తీశారు. అది క్యాన్సర్ కాదని తేలిన రోజున మా ఆయన ఆమెకు చేతులు జోడించాడు.

"మీకెట్ల తెలిసింది టీచర్?"

"నాకు రోగం తెల్వదు తమ్మీ. నా పిల్ల తెలుసు."

ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో. మా బిడ్డకు అలాంటి టీచర్ దొరికారని గర్వంగా చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఆపరేషన్ తర్వాత అమ్మాయికి అడుగు కుదురు లేదు. ఇప్పుడు మెట్లు కూడా తనే ఎక్కుతోంది కానీ, అప్పుడు లేచి నిలబడటానికే ఏడ్చేది. టీచర్ సాయంత్రాలు వచ్చి మా సందులోకి తీసుకెళ్లేవారు. చెయ్యి మాత్రం పట్టుకునేవారు కాదు.

"కిందికి చూడకు. నన్ను చూసుకుంట రా."

రెండు వైపులా మగ్గాల చప్పుడు. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ ఆమె చేతులు చాచి, వెనక్కి వెనక్కి నడిచేవారు. మా అమ్మాయి ఆ కళ్లనే చూస్తూ ఒక్కో అడుగూ ముందుకు వేసేది.