రాయమల్లు నీటిచుక్క

ఏ వస్తువు కంటపడినా దానిమీద ఓ నీటిచుక్క వేసి, పక్కనుంచి ఒంటికన్నుతో చూడకపోతే రాయమల్లుకు అన్నం సహించదు. చుక్క గుండ్రంగా నిలబడితే ఓ ఆనందం, చదునుగా పరుచుకుంటే మరో ఆనందం. ఆయన బొగ్గు పరీక్షించే సర్కారు ల్యాబులో కెమిస్టు. దేనికైనా లోపల ఏముందో ఆయనకు పట్టదు. పైపొర మీదే ఆయన చదువు, పరిశోధన అన్నీ.

పెళ్లిచూపుల్లోనే సాయమ్మకు ఈ సంగతి తెలిసింది. పెళ్లికొడుకు పిల్లను వదిలేసి, తమలపాకు మీద చుక్క వేసి, నేలకు చెంప ఆనించాడు.

"ఏమన్న పోయిందా బాబూ?" అని కంగారుపడ్డాడు ఆమె తండ్రి.

"ఏం పోలే మామా. ఆకు మస్తుగున్నది!"

"మరి పిల్ల?"

"పిల్లను గూడ చూస్త."

హైదరాబాదు రాష్ట్రం విడిపోయి, ల్యాబున్న రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలో కలిసినప్పుడు, ల్యాబు చాందాకు, కాపురం ఆ ఊళ్లోనే బాబుపేటకు మారాయి. "హైదరాబాదుకు వస్తవా, ఈడనే ఉంటవా? సోమవారంకల్లా చెప్పాలె" అన్నాడు పెద్దసారు. రాయమల్లు ఆయన బట్టతల మీద చుక్క వేశాడు.

"ఇదేందయ్యా?"

"జారుతున్నది సార్!"

"సోమవారం!" అని సారు రుమాలుతో తల తుడుచుకున్నాడు.

సాయమ్మకు హైదరాబాదే కావాలి. చెల్లెలు అక్కడుంది. ఇక్కడ బజారులో మరాఠీలో బేరమాడలేక ఆమె ప్రాణం విసిగిపోయింది. ట్రంకుపెట్టె సర్దేసింది కూడా. దానికితోడు ఇంట్లో కుంకుడుకాయలు మాయమవుతున్నాయి. నెల రోజులుగా నూనె మీద నూనె రాసుకోవడమే తప్ప తలస్నానం లేదు.

"ఎలుకలు తింటున్నయేమో" అన్నాడు రాయమల్లు, నురగ చేతులు వెనక్కి దాచుకుంటూ.

ఆదివారం పక్కింటి మొండయ్య వచ్చాడు. గనిలో పనిచేసే అతని దగ్గుతోనే ఆ వాడ నిద్ర లేస్తుంది.

"వదినా, అన్న హైదరాబాద్ పోతుండట గద? గనిల ఎన్ని నీళ్లు గొట్టినా బొగ్గుదుమ్ము మీదికెళ్లి దొర్లిపోతుండె. అన్న నీళ్లల్ల కుంకుడు రసం కలిపిచ్చిండు. గిప్పుడు దుమ్ము తడుస్తుంది, లేస్తలేదు. మా దిక్కు దగ్గు తక్కువైంది. మిగిలిన దిక్కులకు గూడ చేస్తనన్నడు. అన్న పోతే ఎట్ల?"

ఎలుక ఎవరో సాయమ్మకు అర్థమైంది. కోపం రావలసిన చోట గర్వం వచ్చింది. లేచి ట్రంకుపెట్టె తాళం తీసి, చీరలు మళ్లీ దండెం మీద వేసింది.

"రేపు సారుకు చెప్పు, ఈడనే ఉంటమని. మరాఠీ నేర్చుకుంట తీ. వచ్చేటప్పుడు కుంకుడుగాయలు రెండు సంచులు తే. ఒకటి గనికి, ఒకటి నాకు."

రాయమల్లు బుద్ధిగా తలూపాడు. తర్వాత ఆగలేక ఆమె తల మీద ఓ చుక్క వేసి, పక్కకు వంగి చూశాడు.

"అబ్బ! బొగ్గు మీద గూడ గింత గుండ్రంగ నిలబడలే సాయమ్మా. ముందుగాల నీ సంచే తెస్త."