బావిపిల్ల ఆఖరి ఎపిసోడ్

మా చిన్నప్పుడు... ఆదివారం సాయంత్రమైతే చాలు, గుమ్మఘట్టలో మా వీధి పిల్లలంతా మా మేనత్త ఇంటి వసారాలోనే ఉండేవాళ్లం. వీధి మొత్తానికి టీవీ ఆ ఇంట్లోనే. నా పక్కన మేనత్త కూతురు గిరిజ. తర్వాత నా భార్య అయింది.

చూసేది జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్. మేం దానికి పెట్టుకున్న పేరు ‘బావిపిల్ల’. ఊరి బావిని పూడ్చేసిన పెద్దమనుషుల మీద, ఆ బావిలో పోయిన పిల్ల దయ్యమై వచ్చి పగ తీర్చుకుంటుంది. కొట్టదు, చంపదు. ఇంట్లోకి వచ్చి కడవ వైపు చూస్తూ నిలబడుతుంది... అంతే, కడవ ఎండిపోతుంది.

వేరే ఊళ్ల పిల్లలు నవ్వేవాళ్లేమో. ట్యాంకరు వస్తేనే నీళ్లున్న వీధి మాది. వణికిపోయేవాళ్లం.

మాటలు తెలుగులో, పాట మాత్రం జపాన్ భాషలో. గిరిజ ఒక్క ముక్క అర్థం కాకుండానే మొత్తం పాడేది... ఖాళీ బిందె మీద తాళం వేస్తూ.

ఇక ఒక్క ఎపిసోడ్ మిగిలింది. బావిని పూడ్పించిన ముసలాయన గడపలో బావిపిల్ల నిలబడి ఉంది.

“వాని కడవ ఎండబెడతాది చూడు బావా” అంది గిరిజ.

“ముసలోడు కదా, వదిలేస్తాదిలే” అన్నాను. పందెం కట్టుకున్నాం.

ఆ ఆదివారం టీవీ పెడితే కన్నడ సినిమా వస్తోంది! కేబుల్ ఓబులేసు ఆ ఛానెల్ తీసేశాడు.

“ఏం ఓబులేసన్నా, మా బావిపిల్ల యాడికి పోయినాది?” అని అడిగింది గిరిజ.

“బావిలో పడింటాది పోమ్మా” అని నవ్వాడు.

గిరిజ నవ్వలేదు. మర్నాడు మధ్యాహ్నం ఓబులేసు ఇంటి ముందున్న నీళ్ల డ్రమ్ము కుళాయి తిప్పి వదిలేసి వచ్చింది.

సాయంత్రం ఓబులేసు తల్లి ఖాళీ బిందెతో సరిగ్గా అత్త గడపకే వచ్చింది. “నీళ్లన్నీ నేల తాగేసినాది తల్లీ...”

అత్త ఒకసారి గిరిజ తడి పావడా వైపు చూసింది. కొట్టలేదు. ఇంట్లో ఉన్న నిండు బిందె తెచ్చి గిరిజ చంకన పెట్టింది. “పోయి వాళ్లింట్లో పోసి రా.”

“ఆ యప్ప మా బొమ్మ తీసేసినాడు మా!”

“పగుంటే ఉంచుకో. నీళ్ల కాడ చూపించొద్దు.”

పెళ్లయ్యాక తెలిసింది, ఆ సీరియల్‌కు మూలమైన నవలలు ఇంగ్లీషులో వస్తున్నాయని. ఒక్కొక్కటే తెప్పించుకుని చదివింది గిరిజ. ఆఖరివి ఆసుపత్రి మంచం మీద. “పందెం నాదే బావా, చూస్తాండు” అనేది. చివరి నవల రాకముందే వెళ్లిపోయింది.

పోయిన నెల ఆ నవల వచ్చింది, తెప్పించి పెట్టాను. సీరియల్ కూడా, ఆఖరి ఎపిసోడ్‌తో సహా, ఫోన్లోకి వచ్చింది. ఇన్నేళ్లు రానిది... ఇప్పుడు.

నిన్న ఓబులేసు పలకరించడానికి వచ్చాడు. ముసలివాడైపోయాడు.

“గిరిజమ్మ అడిగిన బొమ్మ ఇప్పుడు ఫోన్లో ఉండాదంట కదప్పా. మా మనవడు చూసినాడు. కడాకు ఏమైతాదంటే...”

“చెప్పొద్దు” అన్నాను. గొంతు కాస్త లేచింది.

తర్వాత చెంబుతో నీళ్లిచ్చాను. అత్త మాట. అతను తాగుతుంటే, చెంబు ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు తెలిసింది... పందెం నువ్వే గెలిచావు గిరిజా. ముసలివాళ్లయినా వదలబుద్ధి కాదు.

ఆ ఎపిసోడ్ నేను చూడను. నవల కవరు విప్పను. అది ఆమెను అన్నేళ్లు ఎదురుచూసేలా చేసింది. ఇక అదే ఎదురుచూడనీ.

ఇప్పటి పిల్లలకు ఏ కథా మధ్యలో తెగదు. కావాలంటే ఒక్క పూటలో మొదలుపెట్టి ముగించేస్తారు. మంచిదే.

మీ చిన్నప్పుడు చివర తెలియకుండా ఆగిపోయిన కథ ఏదైనా ఉంటే కింద రాయండి... చదువుతాను. బావిపిల్ల చివర చూసినవాళ్లు మాత్రం, దయచేసి నాకు చెప్పకండి.